సయాం దారికి వేసిన లెక్క

మన పత్రికలో కాశీ, బదరీ, రామేశ్వరం యాత్రల వ్యాసాలు వస్తూనే ఉంటాయి. నేను రాయబోయేది యాత్ర అవునో కాదో చదివిన తరువాత మీరే చెప్పండి. బరంపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాను నేను. ఇరవైరెండేళ్ళుగా నా బల్ల మీదకు వచ్చేవి ఇతరుల టి.ఏ. బిల్లులు. ఎవరు ఏ రోజున ఎన్నింటికి బయలుదేరారు, ఎన్నింటికి చేరారు, ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ మకాం, ఇవన్నీ సరిచూసి, తేడా ఉన్నచోట ఎర్రసిరాతో గీత గీయడం నా పని. ఇట్లా కాగితం మీద దేశమంతా తిరిగిన నేను సొంతానికి వెళ్ళిన దూరాలు రెండే: ఇటు విజయనగరం, అటు పూరీ. అటువంటివాణ్ణి 2025 జనవరిలో థాయిలాండు వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకొని, పల్లెటూళ్ళ దారిన స్వయంగా నడుపుకొని వచ్చాను. ఆ ప్రయాణానికి లెక్క ఎట్లా వేసుకొన్నామో, ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా తాతగారు బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టులో పద్దులు రాసేవారు. ఆయనకు ఒక్కడే తమ్ముడు. చదువు అబ్బలేదు, కొట్టులో నిలవలేదు. 1937 లో శ్రీకాకుళం వైపు మా బంధువులు కొందరు మలయా రబ్బరు తోటలకు వెళుతూ ఉంటే, "నువ్వూ పోయి నాలుగు డబ్బులు కళ్ళజూసి రా" అని మా తాతగారే పంపారు. అప్పుడు మా చిన్నతాతకు పంతొమ్మిదేళ్ళు. ఏడాదికి రెండు ఉత్తరాలు వచ్చేవట. చివరి ఉత్తరం 1941 లోది. ఆ డిసెంబరులో జపానువారు మలయా మీద దిగారు. ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక 1946 లో అదే తోటనుంచి తిరిగివచ్చిన బంధువు ఒకాయన చెప్పిన మాట ఒక్కటే మాకు మిగిలింది: "మూడు నెలల పని, మంచి కూలి అని చెప్పి 1943 లో సయాం పోయే రైలు ఎక్కించారు. ఎక్కినవాళ్ళలో ఉన్నాడు. తిరిగివచ్చినవాళ్ళలో లేడు."

సయాం అంటే ఇప్పటి థాయిలాండే. పోయిన తిథి తెలియదు గనుక మా ఇంట్లో ఆయనకు మహాలయ అమావాస్యనాడు ఇన్ని నీళ్ళు వదులుతారు. 1974 లో కాలం చేసేదాకా మా తాతగారు ఆ రోజున "నేనే పంపాను" అనకుండా లేచినది లేదట. రెండు గదుల ఇల్లూ, ఒక ట్రంకుపెట్టె, ఈ మాటా మా నాన్నగారికి సంక్రమించాయి. ఆయనకిప్పుడు డెబ్భై ఏడు దాటింది. ఒక రాత్రి భోజనాల దగ్గర, "ఒరే, ఆ రైలు వేసిన చోటు ఒకసారి కళ్ళతో చూడాలని ఉందిరా. గుంపుతో కాదు, మెల్లగా, ఆగాలనిపించిన చోట ఆగుతూ," అన్నారు. ఆయన జన్మలో నన్ను అడిగినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆగాలనిపించిన చోట ఆగాలంటే రైలూ బస్సూ పనికిరావు. అంచేత కారు.

మొదటి ప్రణాళిక మా అబ్బాయి వేశాడు. పదహారేళ్ళవాడు, వాడి ఫోనులో లోకమంతా ఉన్నది. బాంకాకునుంచి ఉత్తరంగా అయుత్థయ, సుఖోథయి చూసుకొని ఛియాంగ్‌మయి చేరడం ఇంచుమించు 700 కిలోమీటర్లు. అక్కడనుంచి కొండల్లో మే హాంగ్ సోన్ చుట్టు రోడ్డు మరొక 600. ఆ చుట్టులో 1,864 మలుపులున్నాయని ప్రసిద్ధి. తిరిగి బాంకాకు 700. అప్పుడు పడమటగా కాంచనబురి మీదుగా బర్మా సరిహద్దు దాకా పోయి రావడానికి 700. మొత్తం 2,700 కిలోమీటర్లు, తొమ్మిది రోజులు, రోజుకు 300. గంటకు అరవై చొప్పున అయిదు గంటలు నడిపితే సరిపోతుందని వాడి లెక్క. కూడికలో తప్పు లేదు. నేనూ టిక్కు పెట్టబోయాను.

మా నాన్నగారు కాగితం అందుకొని, కళ్ళజోడు సవరించుకొని, ఆసాంతం చదివి, "బాగుందిరా. ఇందులో నేనెక్కడ కూర్చోవాలి?" అన్నారు.

ఇరవైరెండేళ్ళుగా బిల్లులు చూస్తున్నవాణ్ణి, నాకు సిగ్గు వేసింది. బండిలో ఎవరు కూర్చుంటారన్నది లెక్కలో లేనేలేదు. డెబ్భై ఏడేళ్ళ మనిషి మోకాళ్ళు గంటకు మించి మడిచి ఉంచలేవు. గంటకొకసారి దిగాలి, నాలుగడుగులు వేయాలి, అవసరాలు తీర్చుకోవాలి. చీకటి పడ్డ తరువాత తెలియని దేశంలో బండి నడపకూడదు. ఈ నియమాలు పెట్టుకొని మళ్ళీ లెక్క వేస్తే, రోజుకు మూడు గంటలు, గంటకు యాభై, వెరసి 150 కిలోమీటర్లు తేలింది. 2,700 ను 150 తో భాగిస్తే పద్దెనిమిది రోజులు. నాకు మంజూరైన సెలవు పది రోజులు.

అప్పుడు ఎర్రసిరా తీశాను. మొదట మే హాంగ్ సోన్ పోయింది. మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. తరువాత ఛియాంగ్‌మయి పోయింది. సుఖోథయి, అంటే మన 'సుఖోదయ', పోయింది. చివరకు అయోధ్య పేరుగల అయుత్థయ కూడా పోయింది. మిగిలినది పడమటి రోడ్డు ఒక్కటే. దాని నంబరు 323.

ఆ దేశపు రోడ్ల నంబర్ల పద్ధతి తెలుసుకొంటే ప్రణాళిక సగం అయినట్లే. ఒక్క అంకె ఉన్నవి నాలుగు రాజమార్గాలు: 1 ఉత్తరానికి మే సాయి దాకా, 2 ఈశాన్యానికి నోంగ్ ఖాయి దాకా, 3 తూర్పు తీరానికి, 4 దక్షిణాన మలేషియా సరిహద్దు దాకా. అంకెలు పెరిగినకొద్దీ రోడ్డు చిన్నది. ఎన్ని అంకెలున్నా మొదటిది చూస్తే ఏ దిక్కు ప్రాంతమో తెలుస్తుంది. 323 లో మొదటి 3 మధ్య, తూర్పు, పడమటి ప్రాంతాలకు గుర్తు. రెండో నంబరు రాజమార్గానికి మిత్రఫాప్ అని పేరు. అమెరికా సాయంతో వేసి 1958 లో ప్రారంభించారు. ఆ పేరు మన 'మిత్రభావ'మే. బాంకాకు చుట్టూ తిరిగే 9వ నంబరు రోడ్డు కాంచనాఫిసేక్, అంటే 'కాంచనాభిషేకం'. దిగే విమానాశ్రయం పేరు సువర్ణభూమి. ఊళ్ళ చివర వినవచ్చే 'బురి' మన 'పురి'. మా నాన్నగారు ఈ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకొన్నారు. ఆ నోటుపుస్తకమే దారిలో మాకు పటం కన్నా ఎక్కువ పనికివచ్చింది. ఎంచేతనంటే, బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు చదవబోయి నాలుక తిరగనప్పుడు ఆయన అర్థం చెప్పేవారు.

ఇక 323 ఎందుకంటే, అది బాన్ పోంగ్ దగ్గర 4వ నంబరు రాజమార్గం నుంచి చీలి, కాంచనబురి మీదుగా, నది పొడుగునా ఎక్కి, బర్మా సరిహద్దున ముచ్చైత్యాల కనుమ దగ్గర ముగుస్తుంది. యుద్ధకాలపు రైలు దారి కూడా బాన్ పోంగ్ దగ్గరి నోంగ్ ప్లాదుక్‌లో మొదలై, అదే లోయ పట్టుకొని, అదే కనుమ దాటి బర్మాలోని తన్‌బ్యూజయత్ చేరింది. పొడవు 415 కిలోమీటర్లు. 1942 లో మొదలుపెట్టి, రెండు వైపులనుంచి వేసుకొంటూ వచ్చిన పట్టాలను 1943 అక్టోబరు 17న కలిపారు. ఇంచుమించు 60 వేలమంది యుద్ధఖైదీలు, సుమారు రెండు లక్షలమంది ఆసియా కూలీలు పనిచేశారు. ఖైదీలలో 12 వేల పైచిలుకు పోయారు. కూలీలలో 80 వేలనుంచి లక్షదాకా పోయి ఉంటారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. మలయా తోటలనుంచి తెచ్చినవారిలో తమిళులు ఎక్కువ. వారితో మన తెలుగువారూ, మలయాళీలూ, మలయులూ ఉన్నారు.

ఇందులో మా చిన్నతాత ఏ మైలురాయి దగ్గర పడిపోయాడో చెప్పగల కాగితం లేదు. అంచేత రోడ్డంతా ఆయనదే అనుకొన్నాము.

ప్రణాళికలో తరువాతి అంశం కాలం. నవంబరునుంచి ఫిబ్రవరి దాకా అక్కడ చల్లని కాలం. తరువాత ఎండలు; ఉత్తరాన పొలాలూ అడవులూ కాల్చే పొగ కూడాను. ఆ పైన అక్టోబరుదాకా వానలు. అయితే చల్లని కాలంలోనూ ఒక గండం ఉన్నది. ఇంగ్లీషు సంవత్సరాదికీ, ఏప్రిల్ 13నుంచి 15 వరకు జరిగే సోంగ్‌క్రాన్ పండుగకూ జనం ఊళ్ళకు పరుగెత్తుతారు. రోడ్డు ప్రమాదాలు ఎంత ఎక్కువంటే ఆ వారాలను వాళ్ళే 'ఏడు ప్రమాద దినాలు' అంటారు. సోంగ్‌క్రాన్ మన 'సంక్రాంతి' శబ్దమే. మకర సంక్రాంతి కాదు, మేష సంక్రాంతి. ఒడిశాలో ఉన్నవారికి ఎరుకే, మన ఊళ్ళో బెల్లపు పానకం ఇచ్చే పణా సంక్రాంతి అదే. మేము మన సంక్రాంతి ఇంట్లో చేసుకొని, జనవరి మూడో వారంలో హౌరా రైలెక్కి కలకత్తా మీదుగా వెళ్ళాము.

కాగితాల సంగతి నా రంగం గనుక కాస్త వివరంగా చెబుతాను. మన డ్రైవింగు లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిటు కావాలి. ఆర్.టి.ఓ. ఆఫీసులో 4-ఏ ఫారం నింపి, వెయ్యి రూపాయల ఫీజు కడితే ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు వెంట లేకపోతే పర్మిటు ఒక్కటీ చెల్లదు. మేము వెళ్ళిననాటికి మనవారికి వీసా లేకుండానే 60 రోజులు ఉండనిచ్చేవారు. ఇటువంటివి మారుతూ ఉంటాయి గనుక టిక్కెట్టు కొనే ముందు సరిచూసుకోవాలి. 2025 మే 1నుంచి చేరుకొనే ముందే కంప్యూటరులో ఆగమన పత్రం నింపే పద్ధతి కూడా వచ్చింది. కారు అద్దె మాకు రోజుకు సుమారు వెయ్యి బాత్‌లు పడింది. బాత్ అంటే అప్పట్లో మన రెండున్నర రూపాయలు. ధరావతు క్రెడిట్ కార్డు మీద పట్టి ఉంచుతారు. ఎంత నూనెతో ఇస్తారో అంతతోనే తిరిగి ఇవ్వాలి. బండికి ముందునుంచి ఉన్న గీతలన్నీ వారి ఎదుటే ఫోటో తీయించమని మా ఆవిడ చెప్పింది. అది చాలా మంచి సలహా.

అద్దె కాగితం మీద సంవత్సరం 2568 అని ఉన్నది. గుమాస్తాను గదా, గుండె ఝల్లుమంది. తప్పు తేదీ ఉన్న కాగితం మీద సంతకం చేయడమా! తరువాత తెలిసింది, అది బుద్ధ శకం. మన ఇంగ్లీషు సంవత్సరానికి 543 కలపాలి.

ప్రణాళికలో చివరి తగాదా మా ఆవిడకూ నాకూ వచ్చింది. ప్రతి రోజుకూ రెండు గడులు, ఉదయం, సాయంత్రం గీసి అన్నీ నింపాను. "అయిదో రోజు ఉదయం ఖాళీగా వదలండి," అన్నది. ఖాళీ గడి ఉన్న బిల్లు నేను జన్మలో పాసు చేయలేదన్నాను. "మావయ్యగారికి ఎక్కడ ఏమనిపిస్తుందో మీ కాగితానికి ఏం తెలుసు?" అన్నది. వదిలాను. కాని మనస్సులో ఒప్పుకోలేదు.

ఇక దారి. అక్కడ బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగు కుడివైపే ఉంటుంది. అంచేత పదినిమిషాల్లో చెయ్యి కుదిరింది. ఊళ్ళ బయట మామూలు రోడ్ల మీద 90 కిలోమీటర్లు హద్దు. వెనక కూర్చున్నవారు కూడా బెల్టు కట్టుకోవాలి. ఎదుటి బండి లైటు కొడితే "నువ్వు రా" అని కాదు, "నేను వస్తున్నాను, ఆగు" అని. ఇదీ మన దగ్గరి మర్యాదే. తేడా ఒక్కటే: పెద్ద రోడ్ల మధ్య గోడలూ పచ్చికా ఉంటాయి. కుడివైపు తిరగాలంటే ముందుకు పోయి, తిరుగుడు చోటు చూసుకొని, వెనక్కు రావాలి. నఖోన్ పథోమ్ దగ్గర నేను ఒక తిరుగుడు చూసుకోలేదు. ఆ ఒక్క పొరపాటుకు పదకొండు కిలోమీటర్లు అయింది. ఆ ఊరు 'నగర ప్రథమం'. 120 మీటర్ల ఎత్తున్న బంగారు రంగు చైత్యం రెండు సార్లు కుడివైపునుంచీ, ఒకసారి ఎడమవైపునుంచీ కనబడింది. మా నాన్నగారు, "పోనీలేరా, ప్రదక్షిణం అయింది," అన్నారు.

రెండు వైపులా వరి, చెరకు, కర్రపెండలం. జనవరి చెరకు నరికే కాలం. గడలు మీదికి పేర్చిన లారీలు ఊగుతూ పోతూ ఉంటే వాటి వెనకే పోవడం తప్ప గత్యంతరం లేదు. చీకట్లో నడపకూడదన్న నియమం విలువ వాటిని చూసిన తరువాత తెలిసింది. పెట్రోలు బంకులు మాత్రం ప్రయాణీకుల పాలిటి సత్రాలు. నూనె పోసే మనుషులు ఉంటారు, కాఫీ ఉంటుంది, శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటాయి. ముసలివారితో వెళ్ళేవారు మకాములకన్నా ముందు ఇవి ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవాలి.

ప్రతి ఇంటి ముందూ, ప్రతి బంకు పక్కా స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంటుంది. పూలదండ, అగరువత్తులు, ఒక ఎర్రటి సోడా సీసా, అందులో స్ట్రా కూడా పెట్టి ఉంటుంది. ఆ స్థలాన్ని కాచే దేవతకట. 'ఫ్రా ఫూమ్' అంటారు. ఫూమ్ అంటే భూమి. "మన గ్రామదేవతకు కల్లు, ఇక్కడ సోడా," అన్నారు నాన్నగారు.

తిండి దగ్గర జాగ్రత్త కావాలి. కూరల్లో చేపరసం పోస్తారు. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉన్న అంగళ్ళలో మాత్రం చేపా మాంసం లేని భోజనం. తెల్లటి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. కందిపొడి మేము తీసుకువెళ్ళాము. పెరుగు చిన్న డబ్బాల్లో అమ్ముతారుగాని తియ్యగా ఉంటుంది. ఆ తియ్యపెరుగు అన్నంలో కలుపుకొని మా నాన్నగారు పెట్టిన ముఖం మా అబ్బాయి ఫోటో తీశాడు.

మూడో రోజు కాంచనబురిలో బండి కదల్చలేదు. ఊరి నడుమ యుద్ధఖైదీల శ్మశానం ఉన్నది. పచ్చిక మీద వరసలు వరసలుగా 6,982 సమాధులు: బ్రిటిషువారు, ఆస్ట్రేలియావారు, డచ్చివారు. చాలా రాళ్ళ మీద పేరూ, పోయిన తేదీ, వయస్సూ ఉన్నాయి. మా నాన్నగారు చేతికర్రతో ఒక వరస పొడుగునా నడిచారు. పేర్లు చదువుతున్నారనుకొన్నాను. దగ్గరికి పోతే వయస్సులు చదువుతున్నారు. "ఇరవైమూడు... ఇరవైఎనిమిది... ఇరవైఅయిదు." అక్కడ నిలబడ్డారు. 1943 లో మా చిన్నతాతకు ఇరవైఅయిదే. "వీళ్ళ అమ్మలకు ఉత్తరం వెళ్ళి ఉంటుంది," అన్నారు. ఆ శ్మశానంలో కూలీల సమాధులు లేవు. వాళ్ళను శిబిరాల పక్కనే గోతుల్లో కలిపి పూడ్చారు. 1990 లో కూడా కాంచనబురిలో అటువంటి పెద్ద గొయ్యి ఒకటి బయటపడింది.

తరువాత లోకప్రసిద్ధమైన ఇనుప వంతెన చూశాము. వంపు తిరిగిన కమానులు నాటివి. బాంబులకు కూలినచోట యుద్ధానంతరం పెట్టినవి తిన్నని దూలాలు. జనం ఫోటోలు తీసుకొంటున్నారు. మా నాన్నగారు అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. బజారుకు పోయి నువ్వులు కొనాలన్నారు. ఫోనులో బొమ్మ చూపిస్తే అంగడి ఆమె "ఙా" అన్నది. నల్లనువ్వులు కావాలని నా తల వెంట్రుకలు చూపించాను. అవీ సగం తెల్లబడ్డాయి గనుక ఆమె నవ్వి, రెండు రకాలూ తెచ్చింది.

నాలుగో రోజు 323 మీద బయలుదేరాము. ఊరు దాటి ఎత్తుకు పోయినకొద్దీ సున్నపురాతి కొండలు దగ్గరకు వస్తాయి. వెదురు పొదలు, టేకు చెట్లు, ఎడమవైపు అప్పుడప్పుడు ఖ్వే నోయి నది. థామ్ క్రసే దగ్గర కొండను ఆనుకొని నదిమీదుగా కట్టిన కొయ్యకట్ట మీద ఇప్పటికీ రైలు మెల్లగా పోతుంది. అక్కడనుంచి నామ్ తోక్ స్టేషను దాకానే రైలు. ఆ పైన పట్టాలు తీసివేశారు. కాంచనబురికి దాదాపు 80 కిలోమీటర్లలో హెల్‌ఫయర్ పాస్ అనే కోత ఉన్నది. సమ్మెటలతో, ఉలులతో రాతికొండను నిలువునా చీల్చారు. రాత్రులు కాగడాల వెలుగున పనిచేసే బక్కచిక్కిన మనుషులను చూసి ఖైదీలు పెట్టిన పేరది, 'నరకాగ్ని కనుమ' అని. ఆస్ట్రేలియావారు 1998 లో అక్కడ ప్రదర్శనశాల తెరిచారు. కోతలోకి మెట్లు చాలా ఉన్నాయి. నా ప్రణాళికలో 'కోత దర్శనం, 1 గంట' అని రాశాను గాని, మెట్లు రాయలేదు. నాన్నగారు పైనే కూర్చొని, "నువ్వూ వాడూ పోయి, ఆ రాయి ముట్టుకొని రండి," అన్నారు. మా అబ్బాయి ఉలి గాట్లున్న రాతి మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. మలుపుల రోడ్డు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

అయిదో రోజు ఉదయం. ఖాళీ గడి.

నా లెక్క ప్రకారం తర్పణం ఆరో రోజు ముచ్చైత్యాల కనుమ దగ్గర. రోడ్డు ముగిసే చోటు గనుక అది ఉచితమని నేనే రాశాను. తొమ్మిది గంటలకు సాయి యోక్ దాటి వెళుతూ ఉండగా, ఏ పుస్తకంలోనూ లేని ఒక చోట, రోడ్డు పక్క ఒక పండ్ల పాక, దాని వెనక నదికి దిగే కాలిబాట కనబడ్డాయి. "ఇక్కడ ఆపు," అన్నారు నాన్నగారు. ఎందుకని నేను అడగలేదు.

నీళ్ళ మీద ఇంకా మంచు ఉన్నది. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి మా అబ్బాయి పట్టుకొని దింపాము. దక్షిణం ఎటని అడిగారు. అబ్బాయి ఫోనులో చూసి చెప్పాడు. గోత్రం చెప్పారు, పేరు చెప్పారు. ఎనభై రెండేళ్ళ తరువాత ఆ పేరు ఆ లోయలో ఎవరో పిలిచారు. నువ్వులూ నీళ్ళూ మూడుసార్లు వదిలి, తెలుగులో, మామూలు మాటల్లో, "చిన్నాన్నా, అన్నయ్య పంపానని జన్మంతా ఏడ్చాడు. కోపం పెట్టుకోకు," అన్నారు.

వెనక్కు తిరిగితే పండ్ల పాక ఆమె గట్టున నిలబడి ఉన్నది. మనం ఆమె స్థలంలో చెప్పకుండా దిగామని నేను కంగారుపడ్డాను. ఆమె నాన్నగారి చేతిలోని చెంబు వైపు చూపించి, "క్రువత్ నామ్?" అన్నది. అబ్బాయి ఫోనులో అడిగి తెలుసుకొన్నాడు: పోయినవారికి పుణ్యం చేరాలని నీళ్ళు వదలడాన్ని వాళ్ళు ఆ మాటతో పిలుస్తారట. అవునని తల ఊపాము. ఆమె చెప్పులు విడిచి, చేతులు జోడించి, నదికి నమస్కరించింది. తరువాత ఒక పనసపండు సంచీ ఇచ్చి డబ్బు పుచ్చుకోలేదు.

ఆ పూట థోంగ్ ఫా ఫూమ్ చేరాము. మరునాడు కనుమకు బయలుదేరుదామంటే నాన్నగారు, "వచ్చిన పని అయిందిరా. అది వీడు ఉద్యోగం వచ్చాక చూస్తాడు," అని మనవడి భుజం మీద చెయ్యి వేశారు. మేము ముచ్చైత్యాల కనుమ చూడలేదు. మొత్తం తిరిగినది దాదాపు 640 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు సుమారు 35 బాత్‌ల చొప్పున పదిహేను వందల బాత్‌లు అయింది. మొదటి ప్రణాళిక ప్రకారం చూస్తే నాలుగో వంతు కూడా పూర్తికాలేదు. నా బల్ల మీదకు ఇటువంటి బిల్లు వస్తే ఎర్రసిరాతో ప్రశ్న రాసేవాణ్ణి.

మీలో ఎవరైనా ఆ దేశంలో కారు ప్రయాణం తలపెడితే రెండు మాటలు చెబుతాను. కిలోమీటర్లు పటం చెబుతుంది. గంటలు మాత్రం బండిలో అందరికన్నా నెమ్మదైన మనిషిని అడిగి వేసుకోండి. ఒక గడి ఖాళీగా వదలండి, ఇంట్లో ఆడవాళ్ళు చెప్పినప్పుడైనా.

మరొక మాట. మలయా, బర్మా వెళ్ళి తిరిగిరానివారు మన సంఘం కుటుంబాల్లో ఇంకా ఉండి ఉంటారు. ఇంటి పెద్దలను అడిగి, పేరూ, వయస్సూ, ఏ ఊరునుంచి ఏ తోటకు వెళ్ళాడో ఒక కాగితం మీద రాసి పెట్టండి. మా దగ్గర ఒక పేరూ ఒక ఉత్తరమూ ఉన్నాయి గనుక మా నాన్నగారు ఆ నదిలో నిలబడి పిలవగలిగారు.

ఈ ఏడాది మహాలయ అమావాస్యనాడు కూడా మా ఇంట్లో చిన్నతాతకు నీళ్ళు వదిలాము. అంతా అయిన తరువాత నాన్నగారు ఎప్పటివలె ఊరుకోలేదు. "అక్కడ నది బాగుంటుందిరా," అన్నారు, మా అబ్బాయితో.